గెలిచినవాడి మీద అరవై కిలోలు

ప్రతి సంక్రాంతికీ మన సంఘం ఆవరణలో పిల్లలకు ఆటల పోటీలు జరుగుతాయని పాఠకులకు తెలుసు. ఆ పోటీలలో పధ్నాలుగేళ్ళ లోపు వారి పరుగు పందెంలో ఒకే అమ్మాయి వరుసగా మూడేళ్ళు మొదటి బహుమతి తీసుకున్నది. నాలుగో ఏడు రాగానే కమిటీలో మాట వచ్చింది. "ఎప్పుడూ ఆ పిల్లేనా? మా పిల్లలకు పరుగెత్తాలని మనసెట్లా పుడుతుంది?" అన్నారు కొందరు తల్లులు. నిజమే గదా అని మేమూ తలూపాము. ఆ అమ్మాయిని పిలిచి, "ఈసారికి నువ్వు పరుగెత్తవద్దమ్మా, బహుమతులు అందించు, అదీ గౌరవమే" అని చెప్పాము. పిల్ల మారుమాట లేకుండా వెళ్ళి, బహుమతుల పళ్ళెం పట్టుకొని ఎండలో నిలబడింది.

పందెం అయింది. మొదట వచ్చిన కుర్రవాడు కప్పు అందుకొని సంతోషించవలసింది పోయి, "అక్క పరుగెత్తలేదుగా" అన్నాడు. అంతే, కప్పు వాళ్ళ అమ్మ చేతికిచ్చి ఆటలలోకి పోయాడు.

ఒకరికి అన్యాయం చేసి మరొకరికి మేలు చేశామనుకున్నాము. చూడబోతే ఇద్దరికీ అన్యాయమే చేశాము. మరి ఒక్కరే గెలుస్తూ ఉంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు మేము వెతకని చోట దొరికింది. మోటారు పందేలవాళ్ళు ఏళ్ళ తరబడి దీనితో తలలు బద్దలు కొట్టుకున్నారట. ఆ సంగతి పాఠకులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పందెపు కారంటే మనలో చాలామందికి ఒంటి సీటుతో, చక్రాలు బయటికి కనబడుతూ, నేలకు అంటుకొని దూసుకుపోయే బండి గుర్తుకు వస్తుంది. టూరింగ్ కార్ల పందేలు అవి కావు. అంగడిలో అమ్మే కారును, అంటే మనం పెళ్ళాంపిల్లలను ఎక్కించుకొని తిరుపతి పోయే కారు వంటిదాన్నే తీసుకొని, లోపలి సీట్లూ సొగసులూ ఊడదీసి, ఇనుపగొట్టాల పంజరం బిగించి, ఇంజను బలం పెంచి పరుగెత్తిస్తారు. చూడగానే "ఇది ఫలానా కారు" అని చిన్నపిల్లవాడైనా గుర్తుపడతాడు. ఆ పందేలకున్న ఆకర్షణ అదే.

చెన్నపట్నంలోని మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. నెల్లూరు పోయే బాటలో రెడ్ హిల్స్ దాటాక షోళవరంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల బాట ఒకటి ఉన్నది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వారు అక్కడ చాలా ఏళ్ళు పందేలు నడిపారు. ఫియట్లూ హెరాల్డులూ ఆ బాటమీద రొద చేస్తూ పరుగెత్తుతుంటే, సద్ది కట్టుకొని పోయి రోజంతా చూసివచ్చిన వారు మన కుటుంబాలలో ఇంకా ఉన్నారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా పందెపు బాట ఏర్పడిన మీదట ఆ సందడి అక్కడికి మారింది.

ఈ పందేలు ఒక్కరోజుతో తేలేవి కావు. ఏడాది పొడుగునా ఊరూరా జరుగుతాయి. ఒక్కొక్క పందెంలో వచ్చిన స్థానాన్నిబట్టి పాయింట్లు ఇస్తారు. ఏడాది చివర ఎవరి మొత్తం ఎక్కువైతే వారు విజేత. ఇక్కడే చిక్కు వస్తుంది. ఏ కంపెనీవారో డబ్బు గుమ్మరించి అందరికన్న మంచి కారు చేసి, దానిమీద దిట్టమైన డ్రైవరును కూర్చోబెడితే, సగం ఏడాది గడవకముందే ఫలితం తెలిసిపోతుంది. తెలిసిన కథకు జనం ఎందుకు వస్తారు?

దానికి వారు కనిపెట్టిన ఉపాయం బరువు. గెలిచే కారులో లోహపు పలకలు బిగిస్తారు. మన గిండీలో గుర్రప్పందేలు చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. హ్యాండికాప్ పందెంలో మంచి గుర్రం ఎక్కువ బరువు మోయాలి. రౌతు తేలికైనవాడైతే జీనులో సీసపు ముక్కలు పెట్టి తూకం సరిచేస్తారు. ఆ పద్ధతినే కార్లకూ తెచ్చారు. బ్రిటన్ దేశపు టూరింగ్ కార్ల పోటీలో 2021 దాకా ముందున్నవాడి కారుకు 75 కిలోల దాకా బరువు ఎక్కించేవారు. 2022లో బరువు తీసేసి, ఇంజనుకు తోడుగా పెట్టిన విద్యుత్ మోటారు సాయాన్ని ముందున్నవారికి తగ్గించే పద్ధతి పెట్టారు. పేరు మారింది గాని సూత్రం అదే. కాయలున్న చెట్టుకే రాళ్ళదెబ్బలు అన్న మన సామెతను వాళ్ళు నియమావళిలోకి ఎక్కించారన్నమాట!

బరువు ఏం చేస్తుంది? నిలబడ్డ కారు కదలడానికి ఎక్కువ సేపు పడుతుంది. మలుపు దగ్గర ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. అన్నిటికన్న టైర్లు త్వరగా అరుగుతాయి. ముందు చక్రాలు లాగే కారులో ఈ బాధ మరీ ఎక్కువ. లాగేవి అవే, తిరిగేవి అవే, ఆపేటప్పుడు భారం పడేదీ వాటిమీదనే. ఒక చుట్టులో పోయేది రెప్పపాటు కాలమే కావచ్చు. పది చుట్లలో అదే ఓటమి అవుతుంది.

ఇంత బరువు మోస్తూ, ఏడాది పొడుగునా అందరికన్న ముందు నడిచిన ఒక డ్రైవరు కథ ఇప్పుడు చెబుతాము.

అతని పేరు హొసే మరియా లోపెజ్. అర్జెంటీనా దేశంలో కోర్దొబా రాష్ట్రంలోని రియో తెర్సెరో అతని ఊరు. 1983లో పుట్టాడు. చిన్నతనంలోనే ఐరోపాకు పోయి పందేలలో పేరు తెచ్చుకొని, ఫార్ములా వన్ గుమ్మం దాకా వెళ్ళాడు. తలుపు తెరుచుకోలేదు. స్వదేశానికి తిరిగివచ్చి అక్కడి టూరింగ్ కార్ల పోటీ టీసీ 2000లో 2008లోనూ 2009లోనూ విజేత అయినాడు. 2010లో అమెరికాలో పుట్టబోయిన ఒక ఫార్ములా వన్ జట్టు అతన్ని తీసుకున్నది. ఆ జట్టు ఒక్క పందెంలోనైనా పాల్గొనకుండానే మూతపడింది. ఇరవై ఆరేళ్ళ వయసులో రెండోసారి తలుపు మూసుకుపోతే ఏ మనిషికైనా ఎట్లా ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు. లోపెజ్ మాత్రం మళ్ళీ ఇంటిబాట పట్టి, తన దేశపు కార్లే నడుపుకున్నాడు.

2013 ఆగస్టులో ప్రపంచ టూరింగ్ కార్ల పోటీ అర్జెంటీనాకు వచ్చింది. పందెం జరిగింది తెర్మాస్ దె రియో ఓండో అనే ఊళ్ళో. వేడినీటి బుగ్గలకు పేరుపడిన ఊరు అది. పందెపు బాట చుట్టుకొలత 4.8 కిలోమీటర్లు. ఒక చిన్న జర్మన్ జట్టు తమ బి.ఎం.డబ్ల్యూ. కారును అతిథిగా లోపెజ్‌కు ఇచ్చింది. అతను రెండో పందెం గెలిచాడు! ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ కంపెనీవారు మరుసటి ఏటికి అతన్ని తమ జట్టులో చేర్చుకున్నారు.

ఆ జట్టులో మిగతా ఇద్దరు సామాన్యులు కారు. యివాన్ ముల్లర్ అప్పటికే నాలుగుసార్లు ఈ పోటీలో ప్రపంచ విజేత. సెబాస్తియన్ లోబ్ ర్యాలీ పందేలలో తొమ్మిదిసార్లు ప్రపంచ విజేత. వారిద్దరి పక్కన లోపెజ్ ఇంటికి వచ్చిన కొత్త అల్లుడి వంటివాడు. అందరూ ముల్లర్ వైపు చూశారు. 2014 ఏప్రిల్‌లో మొరాకో దేశంలోని మర్రాకెష్‌లో తొలి పందెం గెలిచింది లోపెజ్.

సిట్రోయెన్ కారు మిగతావాటికన్న వేగంగా ఉన్నదని త్వరలోనే తేలింది. ఆ ఏటి లెక్క ప్రకారం, జరిగిన పందేలలో ఏ రకం కారు ఎంత కాలంలో చుట్టు తిరిగిందో చూసి, వేగమైన దానికి 60 కిలోల దాకా బరువు పెట్టవచ్చు. సిట్రోయెన్‌కు అరవైకి అరవై పడింది. కారు తూకం 1100 కిలోలు. దానిమీద అరవై అంటే, పక్కన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టుకొని పందెంలో దిగడమే.

బరువు ఒక్కటే కాదు. ఒక్కొక్క ఊళ్ళో రెండేసి పందేలు ఉండేవి. ముందు జరిగే కాలపరీక్షలో ఎవరు వేగంగా చుట్టు తిరిగితే వారు మొదటి పందెంలో ముందు నిలబడతారు. రెండో పందెంలో మొదటి పదిమందినీ తలకిందులు చేసేవారు. మొదటివాడు పదోచోటికి, పదోవాడు మొదటిచోటికి. అంటే వేగమైనవాడు బరువూ మోయాలి, వెనుకనుంచీ రావాలి.

2014 ఆగస్టు 3న లోపెజ్ పాయింట్లలో అందరికన్న ముందుండి తిరిగి తెర్మాస్ దె రియో ఓండోకు వచ్చాడు. ఏడాది కిందట అతిథిగా వచ్చిన చోటికే ఇప్పుడు పెద్దకొడుకువలె వచ్చాడు. సొంత జనం, సొంత జెండాలు. మొదటి పందెం అతనిదే అయింది. రెండో పందెంలో వెనుక వరుసలనుంచి బయలుదేరి, అరవై కిలోలు మోస్తూ, ఒక్కొక్కరినే దాటుకొంటూ వచ్చి అదీ గెలిచాడు. ఆ అక్టోబరు 26న జపాన్‌లోని సుజుకాలో, ఇంకా పందేలు మిగిలి ఉండగానే, ప్రపంచ విజేత అయినాడు. ఆ ఏడాది మొత్తం పది గెలుపులు. 1957లో ఫాంజియో తన అయిదో ఫార్ములా వన్ కిరీటం తీసుకున్న తర్వాత అర్జెంటీనాకు ఆ స్థాయి గౌరవం తెచ్చిన సర్క్యూట్ డ్రైవరు ఇతనే. 2015లోనూ 2016లోనూ మళ్ళీ ఇతనే విజేత. 2021లో లె మాన్ ఇరవైనాలుగు గంటల పందెం గెలిచిన టొయోటా కారును నడిపిన ముగ్గురిలోనూ ఒకడు.

ఇక్కడ మేము ఒక న్యాయం చెప్పాలి. ఆ అరవై కిలోలు లోపెజ్ ఒక్కడికే కాదు, ముల్లర్ కారుకూ లోబ్ కారుకూ పడ్డాయి. కారు మంచిది కాబట్టే గెలిచాడనేవారికి జవాబు అదే. కారు ఒకటే, బరువూ ఒకటే. అయినా ముందు నిలిచింది ఒక్కడు.

మరి బరువు పెట్టి లాభమేమిటి, ఎట్లాగూ అతనే గెలిచాడు గదా అని మీరు అడగవచ్చు. మేమూ అదే అనుకున్నాము. కాని ఆలోచించి చూడండి. బరువు లేకుండా గెలిస్తే, వెనుకవారు "వాళ్ళ డబ్బు, వాళ్ళ కారు" అని పెదవి విరిచేవారు. బరువుతో గెలిచినాక ఆ మాట పలచబడింది. వెనుకవారికి ఒక ఆశ మిగిలింది, ముందువాడికి ఒక నిందపోయింది. అతన్ని పందెంనుంచి తప్పించి ఉంటే ఈ రెండూ దక్కేవి కావు.

ఈ ఉపాయంలో లోపాలు లేకపోలేదు. ఈ ప్రపంచ పోటీ 2005లో మొదలైనప్పుడు, మొదటి పందెంలో వచ్చిన ఎనిమిదిమందిని తలకిందులు చేసి రెండో పందెం నడిపేవారు. దానితో ఏమైందంటే, గెలిచే ఆశ లేని కొందరు ఎనిమిదో స్థానంకోసం లెక్కలు వేసుకోసాగారు. ఏడో స్థానంకన్న ఎనిమిదోది లాభమైతే, వెనుకబడటమే విద్య అవుతుంది. అందుకే తర్వాత కాలపరీక్షను ఆధారం చేసుకున్నారు. గెలుపును నేరంగా చూసే నియమం మంచి నియమం కాదు. బరువు కొంచెంగా ఉండాలి. ఎందుకు పెడుతున్నామో, ఎంత పెడుతున్నామో అందరి ఎదుటా చెప్పాలి. మోసేవాడు గెలవగలిగేటట్టు ఉండాలి.

ఇంకొక సంగతి. బరువు ఎంత పెట్టినా, పోటీకి తగినవారు లేకపోతే పందెం నిలవదు. 2016 చివర సిట్రోయెన్ తప్పుకున్నది. 2017తో ఆ ప్రపంచ పోటీయే ఆ రూపంలో ఆగిపోయింది. ఖర్చులు మొదలైన కారణాలు ఎన్నో చెబుతారు. మాకు తోచింది ఒకటే: గెలిచేవాడికి వెనుకవాళ్ళు ఎంత అవసరమో, వెనుకవాళ్ళకు గెలిచేవాడు అంత అవసరం. పళ్ళెం పట్టుకొని నిలబడ్డ పిల్ల మొహమూ, కప్పు అమ్మ చేతికిచ్చిన కుర్రవాడి మొహమూ మాకు చెప్పింది అదే. మాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

పోయిన నెల కమిటీలో ఈ కథంతా చెప్పి, ఒక తీర్మానం చేయించాము. రాబోయే సంక్రాంతికి ఏ పిల్లనూ, ఏ పిల్లవాణ్ణీ గెలిచిన పాపానికి పందెంనుంచి తప్పించకూడదు. కిందటిసారి గెలిచినవారు గీతకు కొన్ని అడుగులు వెనుకనుంచి బయలుదేరతారు. ఆ అమ్మాయి పోయిన ఏడు పరుగెత్తకపోవడం మా తప్పే కాబట్టి, మాకు సంబంధించినంతవరకు కిందటి గెలుపు ఆమెదే. ఆమెకు వయసు దాటడానికి ఇంకొక్క ఏడే ఉన్నది.

ఈ సంగతి చెప్పడానికి మేమే వాళ్ళింటికి వెళ్ళాము. పోయిన ఏడు చేసింది పొరపాటని ఒప్పుకున్నాము. వాళ్ళ నాయనమ్మ కాఫీ ఇచ్చి, ఏమీ అనలేదు. పిల్ల తలుపు దగ్గర నిలబడి అంతా విని, ఒకే ఒక మాట అడిగింది.

"ఎన్ని అడుగులు వెనక, బాబాయిగారూ?"

అయిదు అన్నాము. కాసేపు మనసులో లెక్క వేసుకొని, "సరే" అన్నది.

పండుగనాడు ఉదయం తొమ్మిది గంటలకు పందెం. పాఠకులందరూ పిల్లలతో సహా రావలసిందని కోరుతున్నాము. ఎవరు గెలిచినా సరే, ఈసారి కప్పు అందుకున్నవారు దాన్ని వాళ్ళ అమ్మ చేతికిచ్చి పోరని మా నమ్మకం.