దూరమవుతున్న దంపతులు: సీమ వెలుగునీడల్లో

దంపతుల మధ్య పెరిగే దూరాన్ని ఒక్క ఫొటోలో చూపించడం పోర్ట్రెయిట్ కళలోని కష్టమైన పనుల్లో ఒకటి. పెళ్ళి ఫొటోలో ఇద్దరూ దగ్గరగా ఉంటారు, నవ్వుతారు, ఇద్దరి మీదా వెలుగు సమానంగా పడుతుంది. ఈ తరహా చిత్రంలో ఆ మూడూ తారుమారవుతాయి. కన్నీళ్ళు, కోపం, విసురుగా తిప్పుకున్న మొహం గొడవను చూపిస్తాయే తప్ప దూరాన్ని చూపించవు. దూరం ఏళ్ళ తరబడి మాటలు తగ్గుతూ వచ్చేది. అందుకని దాన్ని మొహాల్లో కంటే ఇద్దరి మధ్య మిగిలిన ఖాళీలో, వెలుగు పంపకంలో, చేతులు పెట్టుకున్న తీరులో చూపించాలి.

తెలుగులో ఈ సంగతిని కెమెరాతో చెప్పిన తొలితరం దర్శకుల్లో ఒకరు రాయలసీమలోని కడప జిల్లావారే. పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లిలో 1908లో పుట్టిన బి.ఎన్.రెడ్డి, 1945లో ‘స్వర్గసీమ’ తీశారు. భార్యాపిల్లలతో సుఖంగా ఉన్న మూర్తి ఒక నటి ఆకర్షణలో పడి ఇంటికి దూరమవడం ఆ సినిమా కథ. మూర్తిగా నాగయ్య, భార్య కల్యాణిగా బి.జయమ్మ, నటిగా భానుమతి నటించారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. తర్వాత ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’లకు కెమెరా పట్టిందీ ఆయనే. రంగుల్లేని ఆ రోజుల్లో నలుపు తెలుపులకు మధ్యనున్న ఛాయలే భావాన్ని మొయ్యాల్సి వచ్చేది. ఇప్పటి ఫొటోగ్రాఫర్లకూ అదే మంచి పరీక్ష. రంగు తీసేసి చూసినా చిత్రం నిలబడితే వెలుగు కుదిరినట్టే.

ఇంటి లోపల తీసే చిత్రాలకు రాయలసీమ పాత మిద్దెలను మించిన చోటు లేదు. మందపాటి మట్టిగోడలు, చిన్న కిటికీలు, పైకప్పులో గవాక్షి, కింద నాపబండలు. స్టూడియోలో నల్లగుడ్డలు కట్టి తెప్పించే చీకటి అక్కడ సహజంగానే ఉంటుంది. మధ్యాహ్నం గవాక్షి నుంచి దిగే వెలుతురు అంచున భార్యను కూర్చోబెట్టి, భర్తను వీధి గడప దగ్గర నిలబెడితే, బయటి ఎండ వల్ల అతను నల్లని ఆకారంగా మిగులుతాడు. ఆమె మొహంలో ఒక పక్క మాత్రమే కనిపిస్తుంది. ఇద్దరికీ నడుమ నాపబండల మీద వెలుగు సన్నగా మెరుస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఆమె చెంప మీది వెలుగుకు సరిచేసి, అక్కడి నుంచి ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గించాలి. గది మూలలు చీకట్లో కలిసిపోయినా నష్టం లేదు.

చిన్న బల్బు ఒక్కటే వాడితే మరో వీలుంది. బల్బుకు మీటరు దూరంలో ఉన్నవారి మీద పడే వెలుగులో, 2 మీటర్ల దూరంలో ఉన్నవారికి దక్కేది నాలుగో వంతే. అంటే 2 స్టాపుల తేడా. ఒకే గదిలో, ఒకే దీపం కింద ఒకరు వెలుగులోనూ మరొకరు మసకలోనూ ఉంటారు. దూరాన్ని చూపించడానికి ఇంతకన్నా నిజాయితీగల ఉపాయం మరొకటి కనపడదు.

లెన్సు ఎంపికలో చాలామంది పొరబడతారు. పోర్ట్రెయిట్ అనగానే 85 లేదా 135 మిల్లీమీటర్ల లెన్సు తీస్తారు. దూరం నుంచి ఆ లెన్సుతో తీస్తే ముందూ వెనకా ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగినట్టు అనిపిస్తారు, చూపించదలచిన ఖాళీ మాయమవుతుంది. 24 లేదా 28 మిల్లీమీటర్ల లెన్సుతో ఒకరికి బాగా దగ్గరగా నిలబడితే, 3 మీటర్ల వెనకున్న రెండోవారు చిన్నగా, ఎక్కడో ఉన్నట్టు కనిపిస్తారు. మామూలు స్మార్ట్‌ఫోన్‌లోని ప్రధాన కెమెరా దాదాపు ఈ కోవలోదే కాబట్టి ఖరీదైన సామగ్రి లేనివారు వెనకాడనక్కర్లేదు. ఫ్రేమును వెడల్పుగా, సినిమాస్కోప్ తరహా 2.39:1 నిష్పత్తిలో కత్తిరిస్తే ఖాళీకి బలం వస్తుంది.

ఆరుబయట తీయాలంటే కడప జిల్లాలో గండికోట ఉంది. ఎర్రమల కొండలను పెన్నా కోసిన లోయ, ఎర్రరాతి కోటగోడలు చూసి ప్రీవెడ్డింగ్ షూట్లకు జనం వస్తారు. ఈ అంశానికి మాత్రం లోయ అంచు అంతగా నప్పదు. అంత పెద్ద దృశ్యం ముందు మనుషులు బొమ్మలైపోతారు, పైగా కాలు జారితే ప్రాణాపాయం. కోటలోని పాత ధాన్యాగారం గోడల నీడ మేలు. రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్లు, లైట్లు పెట్టేముందు పురావస్తు శాఖ అనుమతి తీసుకోవాలి. కర్నూలు దాపున ఓర్వకల్లు రాతివనం, తుంగభద్ర మీది సుంకేసుల నుంచి 1860లలో తవ్విన కర్నూలు–కడప కాలువ గట్లు మరింత అనువైనవి. నీళ్ళు లేని కాలువకు చెరో గట్టున నిలబెట్టడం అందరికీ తట్టే ఆలోచన. అదే గట్టు మీద ఒకరు ముందు, మరొకరు పది అడుగుల వెనక నడుస్తున్నప్పుడు తీస్తే ఎక్కువ నిజంగా ఉంటుంది.

వేళ ముఖ్యం. ఈ అక్షాంశాల్లో ఏప్రిల్ చివర, మే మొదట్లో, మళ్ళీ ఆగస్టు రెండో వారం ప్రాంతంలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కళ్ళ కింద గుంటల్లా నీడ పడుతుంది. పొద్దు వాలాక వచ్చే నీలి వెలుతురు 20 నిమిషాలకు మించి దొరకదు, కాబట్టి ఎవరెక్కడ నిలబడాలో ముందే తేల్చుకోవాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను మబ్బులు కమ్మితే కడపలో పగలంతా మెత్తని వెలుగే.

ఎడబాటుకు ఈ నేల మీద బతుకుదెరువూ ఒక కారణం. కడప వైపు నుంచి కువైట్‌కు పనికి వెళ్ళినవారు ఏళ్ళ తరబడి ఫోన్లోనే కాపురం చేస్తారు. కర్నూలు పడమటి పల్లెల నుంచి కుటుంబాలు సుగ్గికి, అంటే కోత పనులకు, గుంటూరు మిరప చేలకు పోతాయి. చీకటి గదిలో వీడియో కాల్ తెర వెలుగు ఒక్కటే మొహాన పడుతున్న స్త్రీ, పక్కన మడత విప్పని రెండో పరుపు: ఇందులో భర్త ఫ్రేములో లేకపోయినా అది దంపతుల చిత్రమే.

ఎడిటింగ్‌లో చేయాల్సింది తక్కువ. నీడలను కాస్త చల్లని రంగువైపు జరిపి, చర్మం రంగును ఉన్నది ఉన్నట్టు వదిలేయాలి. సీమ మనిషి మొహాన్ని తెల్లగా చేస్తే ఈ చిత్రం చచ్చిపోతుంది.

ఇలాంటి చిత్రాలకు నటించగలిగినవారిని ఎంచుకోవడం మంచిది. నిజంగానే మనసులు విడిపోయిన జంట ఒప్పుకుంటే, తీసిన ప్రతి ఫొటోనూ ఇద్దరికీ విడివిడిగా చూపించి, ఇద్దరూ సరేనన్నదాన్నే బయటపెట్టండి.