రోజూ తినేవాళ్లు ఎక్కడ తింటున్నారు?

ఓరుగల్లు వీధులన్నీ తిరిగిన ఇద్దరు స్నేహితులకు మధ్యాహ్నం ఆకలేసింది. ఒకరు గోవింద మంచన శర్మ, ఇంకొకరు టిట్టిభసెట్టి. పదిహేనో శతాబ్దపు ‘క్రీడాభిరామం’లో వాళ్లు పూటకూళ్ల ఇంటి దారి పడతారు. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు ఏమేం పెడతారో అక్కడ ఒక పద్యం వరసగా చెబుతుంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, గడ్డపెరుగు. చదువుతుంటే నోరూరుతుంది. పైగా ఎవరింటికి వెళ్లాలి, అక్కడ ఏం దొరుకుతుంది, ఎంతవుతుంది అన్న మూడు ముక్కలూ అందులో ఉన్నాయి. ఊరుకాని ఊళ్లో బాటసారికి కావలసిందీ అదే.

నాలుగు శతాబ్దాల తర్వాత ఏనుగుల వీరాస్వామి మద్రాసు నుంచి కాశీకి పల్లకీలో బయల్దేరారు. 1830 మేలో మొదలైన ఆ ప్రయాణం 1831 సెప్టెంబరులో ముగిసింది. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకీ ఒకటే తనిఖీ. నీళ్లు ఎలా ఉన్నాయి, సత్రం ఉందా, అంగళ్లలో సరుకులు దొరుకుతాయా? వెనక వచ్చేవాళ్లకు పనికొస్తుందన్న ఎరుకతో రాసిన పుస్తకం అది. దారిలో దొరికే తిండి గురించి తెలుగులో అంత ఓపికగా రాసినవాళ్లు ఆ తర్వాత కూడా అరుదే.

ఇప్పుడు ఆ పని ఫోన్ చేస్తోంది. ‘దగ్గర్లోని హోటళ్లు’ అని అడిగితే చాలు, పటం మీద ఎర్ర చుక్కలు, చుక్క పక్కన నక్షత్రాలు. నాలుగు నక్షత్రాలు దాటితే కారు అటు తిరుగుతుంది. అయితే హైవే మీద ఆ నక్షత్రాలు దేనికి పడ్డాయో ఒకసారి చదివి చూడాలి. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయని ఒకరు, పార్కింగు విశాలంగా ఉందని ఒకరు, పిల్లలకు ఉయ్యాలలున్నాయని మరొకరు రాస్తారు. దూరప్రయాణంలో అవన్నీ అవసరమే, ఎవరూ కాదనరు. కానీ పప్పు ఎలా ఉందో అందులో ఉండదు. నక్షత్రాల్ని పక్కన పెట్టి, ఈ రెండు మూడు నెలల్లో వచ్చిన వ్యాఖ్యల్లో వంటకాల పేర్లు వెతకడం మేలు. ‘ఇక్కడ గోంగూర మాంసం తినండి, ఆదివారం మాత్రమే చేస్తారు’ అన్న ఒక్క వాక్యం ‘సూపర్ ఫుడ్, గుడ్ యాంబియెన్స్’ అన్న వంద వాక్యాల పెట్టు.

అసలు కిటుకు మాత్రం గిరాకీ లెక్కలో ఉంది. హైవే మీద పెద్ద హోటల్‌కు వచ్చే మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో యజమానికి తెలియదు. అన్నం మెత్తబడినా, సాంబారు నీళ్లలా ఉన్నా రేపటి గిరాకీ తగ్గదు, ఎందుకంటే రేపు వచ్చేది వేరే కార్లు. ఊళ్లో కోర్టు ఎదురుగా ఉన్న మెస్‌లో ఆ ధీమా కుదరదు. అదే ప్లీడరు గుమాస్తా, అదే బ్యాంకు ఉద్యోగి, అదే టైపిస్టు రోజూ పన్నెండున్నరకు వచ్చి కూర్చుంటారు. చారులో ఉప్పు ఒక రోజు ఎక్కువైతే అక్కడే చెబుతారు. వరసగా మూడు రోజులు ఎక్కువైతే పక్క వీధికి వెళ్లిపోతారు. ఆ మెస్ వంట బాగుండటానికి యజమాని మంచితనంతో పాటు రేపటి భయం కూడా కారణం.

అందుకే మంచి తిండి కావాలనుకునే ప్రయాణికుడు బైపాస్ దిగి ఊళ్లోకి రావాలి. నాలుగు వరుసల రోడ్లు వచ్చాక ఊళ్లు పక్కకు జరిగిపోయాయి. వాటితో పాటు బస్టాండు పక్క పాత హోటళ్లూ కనుమరుగయ్యాయి. రెండు మూడు కిలోమీటర్లు లోపలికి వస్తే పోయేది పావుగంట. వచ్చాక కోర్టు, కలెక్టరేట్, ప్రభుత్వాసుపత్రి, కాలేజీ, మార్కెట్ యార్డు, ఈ ఐదింట్లో ఏదో ఒకదాని చుట్టూ చూస్తే చాలు. గుంటూరు మిర్చి యార్డు, నిజామాబాద్ పసుపు యార్డు, ఆదోని పత్తి యార్డు లాంటి చోట్ల పని పెందలాడే మొదలవుతుంది. హమాలీల కడుపు నింపాల్సిన హోటల్ వేడివేడిగా పెట్టాలి, ధర అందుబాటులో ఉండాలి. రెంటిలో ఏది తప్పినా దానికి బతుకు లేదు.

లారీలు ఆగిన చోట తినాలనే మాట కూడా ప్రయాణికుల్లో బాగా ప్రచారంలో ఉంది. అది సగమే నిజం. లారీ డ్రైవరు చూసేవాటిలో తిండి ఒకటి మాత్రమే. బండి నిలిపేందుకు జాగా, స్నానానికి నీళ్లు, నడుం వాల్చేందుకు మంచం కూడా ఆయనకు కావాలి. రాత్రి బస్సులు ఆగే హోటళ్లను అసలు లెక్కలోకి తీసుకోకూడదు. చాలాచోట్ల బస్సు సిబ్బందికి అక్కడ భోజనం ఉచితం, ప్రయాణికులకు వేరే దారి లేదు. రెండూ కలిసిన చోట వంట మీద శ్రద్ధ ఎందుకుంటుంది?

ఎక్కడ తినాలన్నంతగానే ఎప్పుడు తినాలన్నదీ ముఖ్యం. దీన్ని జనం పట్టించుకోరు. మెస్ భోజనానికి పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా మంచి వేళ. అప్పుడు అన్నం వాయి వెంట వాయి దిగుతుంటుంది, వేపుడు కరకరలాడుతుంటుంది. మూడింటికి అదే మెస్‌కు వెళ్లి పప్పు పలచబడిందని, కూర అయిపోయిందని నొచ్చుకోవడం అన్యాయం. ఇడ్లీకి ఉదయం ఏడు, ఏడున్నర. పది దాటితే కొబ్బరి చట్నీ పులుపెక్కడం మొదలవుతుంది, వేసవిలో మరీ త్వరగా. హైదరాబాద్‌లో తెల్లవారకముందే దోసె పోసే ‘రామ్ కీ బండి’కి మధ్యాహ్నం వెళ్లి ప్రయోజనం లేదు. పాతబస్తీలో నహారీ, కుల్చా పొద్దుటి పూట తినేవి. నగరం రోడ్ల పక్కన పెనం మీద జొన్నరొట్టెలు సాయంత్రాలు కాలుతుంటాయి. హలీం అసలు రుచి రంజాన్ నెలలో, పొద్దుగూకాక.

కర్నూలు, నంద్యాల, అనంతపురం వైపు పొద్దున్నే దిగినవాళ్లు ఇడ్లీ, దోసె అడగడం మరీ బాధ కలిగించే విషయం. అక్కడ ఉగ్గాని ఉంటుంది. బొరుగుల్ని నీళ్లలో ముంచి తీసి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన వేడి మిరపకాయ బజ్జీ. ముందే చేసి పెట్టుకుంటే బొరుగులు ముద్దయిపోతాయి కాబట్టి ఇది ఎప్పటికప్పుడు కలపాల్సిన వంట. రెండొందల వంటకాల మెనూ ఉన్న హోటల్‌లో ఇది సాధారణంగా కనిపించదు. పొద్దున కాసేపు తెరిచి మూసేసే చిన్న టిఫిన్ కొట్లలో ఉంటుంది. కడప వైపు అయితే ఎర్రకారం దోసె, మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు.

మెనూ పొడవు కూడా ఒక సూచనే. సౌత్ ఇండియన్, నార్త్ ఇండియన్, చైనీస్, తందూరీ అన్నీ ఒకే బోర్డు మీద రాసిన చిన్న హోటల్‌లో అన్ని వంటలూ విడివిడిగా వండటం కుదిరే పని కాదు. ఉల్లి, టమాటా గ్రేవీ ఒకటి, జీడిపప్పు తెల్ల గ్రేవీ ఒకటి ముందే చేసి పెట్టుకుని, పేరు మారినప్పుడల్లా ఒక చెంచా క్రీమో, ఒక పిడికెడు కసూరీ మేతీయో కలుపుతారు. తలుపు మీద చాక్‌పీస్‌తో ‘ఈరోజు: దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, మునక్కాడ పులుసు’ అని రాసిన చోట ఆ తంటా లేదు. పొద్దున బజారులో ఏది దొరికితే అది వండారని అర్థం.

రుతువు తెలిస్తే మోసం కూడా తెలుస్తుంది. పులస అందుకు మంచి ఉదాహరణ. బంగాళాఖాతం నుంచి ఈ చేప వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చేది వర్షాకాలంలోనే. జులై నుంచి సెప్టెంబరు వరకు యానాం, రాజమహేంద్రవరం ప్రాంతాల్లో ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. అదే చేప సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, దాని ధర వేరు, రుచి వేరు. ఫిబ్రవరిలో ఎక్కడైనా ‘పులస పులుసు రెడీ’ అని బోర్డు కనిపిస్తే ముందుకు సాగిపోవడమే మంచిది. తాపేశ్వరం కాజాదీ ఇలాంటి కథే. ఆ పేరున్న బోర్డులు జిల్లాలు దాటిపోయాయి. మడత కాజాను పాకం ఆరకముందే తినాలంటే తాపేశ్వరం వెళ్లాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి ఊళ్ల మీదుగా వెళ్తూ హైవే కొట్లో డబ్బా కొనుక్కోవడంలో అర్థం లేదు. అన్నవరం కొండ కింద విస్తరాకులో చుట్టి ఇచ్చే గోధుమరవ్వ ప్రసాదం కోసం కారు ఆపేవాళ్లు ఈ విషయంలో తెలివైనవాళ్లు.

అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. ‘ఇక్కడ మంచి హోటల్ ఎక్కడండీ?’ అంటే ఆటో డ్రైవరు ఊళ్లోని ఏసీ హోటల్ చూపిస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు. పొరుగూరి మనిషికి ఘనమైనది చూపాలన్న మర్యాద అది. ‘నువ్వు పొద్దున టిఫిన్ ఎక్కడ చేశావు బాబూ?’ అని అడిగితే వేరే పేరు వస్తుంది. కిరాణా కొట్టాయనను, మెడికల్ షాపులో ఉన్నాయనను, పోస్టాఫీసు గుమాస్తాను ఇదే ప్రశ్న అడగాలి. ఇద్దరు విడివిడిగా ఒకే పేరు చెబితే ఇంక ఆలోచించక్కర్లేదు. కాకినాడలో ఎవరిని అడిగినా సుబ్బయ్య హోటల్ అనడం, విజయవాడ గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వైపు చేయి చూపడం ప్రచారంతో వచ్చింది కాదు. దశాబ్దాలుగా ఆ ఊరి జనమే అక్కడ తింటున్నారు.

జనం నిండిన చోటైనా ఆరోగ్యం విషయంలో ఏమరుపాటు పనికిరాదు. లైసెన్సు ఉన్న హోటల్‌లో ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల నంబరు కనిపించాలి. వేడిగా పెట్టాల్సిన పదార్థం 60 డిగ్రీలకు తగ్గకుండా వేడిగా ఉండాలి. పళ్లెంలో పొగలు కనిపిస్తే ప్రయాణికుడికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. బజ్జీలు తినేముందు మూకుడులో నూనె చూడాలి. మరిగి మరిగి నల్లబడిందా, నురగ కడుతోందా? వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. కంటికి ఆ లెక్క తెలియదు కానీ రంగు, వాసన కొంతవరకు చెబుతాయి. అర్ధరాత్రి ఫ్రైడ్ రైస్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. ఎంత మంట మీద వేయించినా ఆ విషం పోదు. వేడిగా పెట్టారు కదా అన్న ధైర్యం అక్కడ పనిచేయదు. కోసిపెట్టిన పండ్లు, ఎక్కడి నీళ్లో తెలియని ఐసు ముట్టుకోకపోవడం ఉత్తమం.

రైలులో వెళ్లేవాళ్లకు ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్ వచ్చాక కొంత వెసులుబాటు దొరికింది. పీఎన్‌ఆర్ నంబరు ఇస్తే ముందున్న స్టేషన్‌లో ఆ ఊరి హోటల్ భోజనం సీటు దగ్గరికే వస్తుంది. బండి పది నిమిషాలు ఆగే పెద్ద స్టేషన్‌ను ఎంచుకుంటే గాభరా తప్పుతుంది.

తెలుగు నేల దాటినా గిరాకీ లెక్క మారదు. ఢిల్లీ అశోకా రోడ్డులో ఆంధ్ర భవన్ క్యాంటీన్ ముందు మధ్యాహ్నాలు క్యూ కట్టేవాళ్లలో తెలుగువాళ్లు కొందరే. ఆదివారం బిర్యానీ కోసం వచ్చేవాళ్లలో ఢిల్లీ వాసులే ఎక్కువ కనిపిస్తారు. ముంబయి మాటుంగాలో ఉడుపి భోజనశాలలు ఉద్యోగాలకు వలస వచ్చిన దక్షిణాది వాళ్లకు రోజూ అన్నం పెట్టడానికి పుట్టి, ఇప్పటికీ అదే పనిలో ఉన్నాయి. అమెరికాలో న్యూయార్క్ ఫ్లషింగ్ గణపతి ఆలయం కింది అంతస్తులోని క్యాంటీన్‌లో దోసెలు, పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి ఆలయంలో పులిహోర తిన్న తెలుగువాళ్లు వేలల్లో ఉంటారు. కొత్త దేశంలో అడుగుపెట్టిన కుటుంబానికి గుడి క్యాంటీన్ మంచి మొదలు. వారం వారం వచ్చే భక్తులే అక్కడి వంటకు న్యాయమూర్తులు.

అయితే ఎప్పుడూ మన తిండి కోసమే వెతుక్కోవడం ప్రయాణానికి న్యాయం కాదు. చెన్నై వెళ్లి ఆంధ్రా మీల్స్, కోల్‌కతా వెళ్లి ఇడ్లీ అడిగే అలవాటు తెలుగువాళ్లలో బలంగా ఉంది. కడుపు నొప్పి ఉన్నప్పుడో, వెంట పెద్దవాళ్లు ఉన్నప్పుడో అది సరైనదే. మిగతా రోజుల్లో బెంగళూరు–మైసూరు దారిలో మద్దూరు వడ, దావణగెరెలో వెన్న దోసె తినకుండా వచ్చేస్తే ఆ ఊళ్లు చూసినట్టు కాదు.

చివరిగా పాఠకులకు ఒక విన్నపం. చిన్న ఊళ్లలో అద్భుతంగా వండే మెస్‌లు చాలావాటికి పటం మీద చుక్క లేదు. వాటి యజమానులకు అది పెట్టుకునే తీరికా, ఓపికా లేవు. మీరు తిన్న మెస్ బాగుంటే పటంలో మీరే చేర్చండి. ఐదు నక్షత్రాలు నొక్కి ఊరుకోకుండా ఏ వీధిలో ఉందో, ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో, ఎంతయిందో తెలుగులోనే రెండు వాక్యాలు రాయండి.