పంచుకోవడం తెలియని రెగ్యులేటర్

1960ల్లో లాజిక్ కార్డులకు సరిగ్గా 5 వోల్టులు అందించడమే పెద్ద తలనొప్పి. పవర్ సప్లై యంత్రంలో ఒక మూల ఉండేది, కార్డులేమో అంతటా. దారిలో తీగలే కొంత వోల్టేజి మింగేసేవి. ఒక కార్డు పుట్టించిన నాయిస్ పక్క కార్డుకు పాకేది. నేషనల్ సెమీకండక్టర్‌లో ఉన్న బాబ్ విడ్లర్ దీనికి వేరే దారి పట్టాడు. నికరం కాని డీసీనే అన్ని కార్డులకూ పంపి, దాన్ని 5 వోల్టులకు దించే పని ఏ కార్డుకా కార్డు మీదే చేయిస్తే సరి. ఆ దశాబ్దం చివర అతను రూపొందించిన ఎల్‌ఎం109 రెగ్యులేటర్ పుట్టింది ఇందుకే. మూడే కాళ్లు, ఒక ఆంపియర్ పైగా కరెంటు, మితిమీరి వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే తెలివి.

అంటే రెగ్యులేటర్ మొదటినుంచీ గుంపులో బతకాల్సిందే. కాకపోతే ఉమ్మడి కుటుంబంలా కాదు, ఎవరి పొయ్యి వారిదే.

చిక్కంతా పొయ్యిలు కలిపినప్పుడే. రెండు 7805 రెగ్యులేటర్ల అవుట్‌పుట్‌లు కలిపేస్తే రెండింతల కరెంటు వస్తుందనిపిస్తుంది. అలా రాదు. పేరుకు 5 వోల్టులే గానీ, తయారీలో 4.8 నుంచి 5.2 దాకా ఎంతైనా ఉండొచ్చు. ఒకటి 5.05, రెండోది 4.95 అనుకుందాం. కలిసినచోట 5.05 కనబడగానే రెండోది ‘కావలసినదానికంటే ఎక్కువే ఉందిగా’ అని చేతులు ముడుచుకుంటుంది. మొదటిది తన పరిమితి దాకా మొత్తం భారం ఒంటరిగా మోస్తుంది. ఇన్‌పుట్ 12 వోల్టులైతే, ఒక్క ఆంపియర్‌కే దాని నెత్తిన 7 వాట్ల వేడి. ఒక్కోదానికి చిన్న రెసిస్టర్ తగిలిస్తే కొంత సర్దుకుంటుంది, నిజమే. కానీ వోల్టేజిని నిలబెట్టడానికి రెగ్యులేటర్ పెట్టి, దాని అవుట్‌పుట్‌లోనే వోల్టేజిని జార్చే రెసిస్టర్ పెట్టడం నాకు విడ్డూరంగానే ఉంటుంది. ఇప్పుడు చవగ్గా దొరికే ఎల్‌ఎం2596 బక్ మాడ్యూళ్లదీ ఇదే జబ్బు.

1976లో నేషనల్ సెమీకండక్టర్‌లోనే బాబ్ డాబ్కిన్ ఎల్‌ఎం117 రూపొందించాడు. లోపలి 1.25 వోల్టుల రిఫరెన్స్‌ను రెండు రెసిస్టర్లతో హెచ్చించి కావలసిన వోల్టేజి తెచ్చుకోవచ్చు. అయితే హెచ్చించేటప్పుడు రిఫరెన్స్‌లోని తప్పూ హెచ్చుతుంది. 5 వోల్టుల దగ్గర నాలుగింతలు. పంచుకోవడం ఇంకా కుదరలేదు.

ముప్పై ఏళ్లు దాటాక, 2007లో, లీనియర్ టెక్నాలజీ నుంచి డాబ్కినే ఎల్‌టీ3080తో వచ్చాడు. ఈసారి రిఫరెన్స్ వోల్టేజి లేదు, 10 మైక్రోఆంపియర్ల కరెంటు ఉంది. అది ‘సెట్’ కాలికి తగిలించిన ఒకే రెసిస్టర్ గుండా పారి వోల్టేజి పుట్టిస్తుంది; అవుట్‌పుట్ దాన్ని హెచ్చించకుండా, 2 మిల్లీవోల్టుల తేడా మించకుండా అనుసరిస్తుంది. నాలుగింటి సెట్ కాళ్లు కలిపేస్తే నాలుగూ ఒకే లక్ష్యాన్ని చూస్తాయి. మిగిలిన ఆ కాస్త తేడాకు ఒక్కోదానికి 10 మిల్లీఓమ్‌లు చాలు. అందుకు రెసిస్టర్ కొననక్కర్లేదు, బోర్డు మీది రాగి గీతే సరిపోతుంది. ఒకటి మాత్రం చూసుకోవాలి: నాలుగు కలిస్తే సెట్ రెసిస్టర్‌లో పారేది 40 మైక్రోఆంపియర్లు, కాబట్టి దాని విలువ నాలుగో వంతుకు దించాలి.