గృహప్రవేశ ముహూర్తానికి ముందు చూడవలసిన పత్రాలు

మన ఆలయానికి శుక్రవారం ఉదయం వచ్చే భక్తులలో ఎవరో ఒకరు కొత్త ఇంటి తాళంచెవిని పూజాపళ్లెంలో పెట్టుకొని వస్తారు. అర్చకస్వామి దానిని స్వామివారి పాదాల చెంత ఉంచి, పసుపు కుంకుమలు అద్ది, తిరిగి వారి చేతికి ఇస్తారు. ప్రసాద వితరణ సేవలో నిలబడి ఉండే నాకు ఆ దృశ్యం ఎన్నిమార్లు చూచినా తనివి తీరదు. ఒక కుటుంబం జీవితకాలపు కష్టార్జితం ఆ చిన్న తాళంచెవిలో ఉంటుంది. ప్రసాదం అందిస్తూ నేను వారిని మెల్లగా ఒక ప్రశ్న అడుగుతాను: "ఓసీ వచ్చినదా అండీ?" పలువురు నా వంక వింతగా చూస్తారు. ఆరేళ్ల క్రితం నన్ను ఎవరైనా ఇదే ప్రశ్న అడిగి ఉంటే నేనూ అలాగే చూచి ఉండేవాడిని.

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో, కొత్తగా కట్టిన ఇల్లు కొనదలచినవారు ఏయే పత్రాలను ఏ వరుసలో చూచుకోవాలో ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

మేము చేసిన పొరపాటు

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన ఏడాది, వచ్చిన సొమ్ముతో హైదరాబాదు శివారులో ఐదంతస్తుల భవనంలో మొదటి అంతస్తున ఒక ఫ్లాటు కొన్నాము. తూర్పు వాకిలి ఉన్నదా, ఈశాన్యంలో బరువు లేదు కదా, వంటగది ఆగ్నేయంలో ఉన్నదా అని వాస్తు తెలిసిన పెద్దలను తీసుకొనివెళ్లి మూడుసార్లు చూపించాము. భవనానికి అనుమతి ఉన్నదా, ఉంటే ఎన్ని అంతస్తులకు అని ఒక్కసారి కూడా అడగలేదు. బ్యాంకు అప్పు తీసుకొని ఉంటే బ్యాంకు తరఫు న్యాయవాది అయినా పత్రాలు పరిశీలించేవారు. చేతి సొమ్ముతో కొన్నందున ఆ పరిశీలన కూడా జరగలేదు.

జ్యేష్ఠమాసం ముగింపుకు వచ్చినది. బిల్డరు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఆషాఢం వస్తే శ్రావణం దాకా ఆగాలి. ఓసీ పది రోజులలో వస్తుంది. మిగిలిన సొమ్ము సర్దుబాటు చేస్తే మంచి రోజున పాలు పొంగించుకోవచ్చు" అన్నాడు. నా భార్య మాత్రం "కాగితం వచ్చాకే వెళ్దామండీ" అన్నది. నేను వినలేదు. సొమ్ము చెల్లించాను. ఇల్లు సంతృప్తికరంగా స్వాధీనం చేసుకొన్నానని అతడు చూపిన కాగితంపై సంతకం పెట్టాను. గోవును తీసుకొనివచ్చి, గుమ్మడికాయ కొట్టి, సత్యనారాయణ వ్రతం చేసుకొన్నాము.

ఓసీ రావడానికి పంతొమ్మిది నెలలు పట్టినది. అనుమతి పొందిన ప్లానులో లేని పెంట్‌హౌస్‌ను బిల్డరు పైన కట్టడమే అందుకు కారణం. అంతకాలం కుళాయి కనెక్షన్ లేదు. ట్యాంకరు నీరే ఆధారం. అంతకంటె పెద్ద దెబ్బ రిజిస్ట్రేషనుకు వెళ్లినప్పుడు తగిలినది. మా ఫ్లాటు పురపాలక సంస్థకు తనఖా పెట్టిన భాగంలో ఉన్నదని, తనఖా విడుదల కానిదే రిజిస్టరు కాదని చెప్పారు. సొమ్మంతా చెల్లించి, నివాసం ఉంటూ కూడా చట్టం దృష్టిలో మేము ఆ ఇంటికి యజమానులం కాము. ఒకవేళ నాకు ఏమైనా అయితే ఆమె ఏ పత్రం చూపి ఈ ఇంట ఉంటుందన్న చింతతో ఎన్నో రాత్రులు నిద్ర పట్టలేదు.

మొదటి పరిశీలన: భూమి ఎవరిది?

గోడలకంటె ముందు గోడల కింది నేలను చూడాలి. సర్వే నంబరు తీసుకొని, రిజిస్ట్రేషన్ శాఖ నుండి ఈసీ తీయించాలి. ఆ ఆస్తిపై జరిగిన క్రయవిక్రయాలు, తనఖాలు అందులో కనిపిస్తాయి. కనీసం ముప్పై సంవత్సరాల కాలానికి ఈసీని, దానితోపాటు లింకు దస్తావేజులను న్యాయవాదికి చూపించడం మేలు. పలు భవనాలు భూయజమానికి, బిల్డరుకు మధ్య డెవలప్‌మెంట్ ఒప్పందంపై కట్టబడతాయి. మీరు కొనే ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చినదో ఆ ఒప్పందంలో చూచుకోవాలి. ఒకరి వాటాను మరొకరు అమ్మిన సందర్భాలు లేకపోలేదు.

రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షను కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు, వక్ఫ్ ఆస్తులు అందులో చేరుతాయి. రెండు తెలుగు రాష్ట్రాలలోను సర్వే నంబరు ఆధారంగా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో దీనిని సరిచూచుకోవచ్చు. భక్తులమైన మనకు ఇది కేవలం నష్టభయానికి సంబంధించిన విషయం కాదు. ఏనాడో ఒక పుణ్యాత్ముడు ధూపదీప నైవేద్యాల కొరకు స్వామికి సమర్పించిన మాన్యంపై తెలియక ఇల్లు కొని, అదే ఇంట దీపం వెలిగించుకొనే పరిస్థితి మనలో ఎవరికీ రాకూడదు.

చెరువుల సమీపంలోని స్థలాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చెరువు పూర్తి నీటిమట్టపు పరిధి, దాని చుట్టూ విడువవలసిన బఫరు ఎంతవరకు ఉన్నవో తెలుసుకోవాలి. 2024లో హైడ్రా ఏర్పడిన తరువాత హైదరాబాదు పరిసరాలలో చెరువు పరిధిలోని కట్టడాలను కూల్చివేసిన వార్తలు మనమందరము చూచినవే.

రెండవ పరిశీలన: అనుమతి ఎంత, కట్టినది ఎంత?

పురపాలక సంస్థ ఆమోదించిన ప్లాను ప్రతిని అడిగి తీసుకోండి. ఎన్ని అంతస్తులకు అనుమతి ఉన్నదో, నాలుగు వైపులా ఎంత ఖాళీ విడువవలెనో అందులో ఉంటుంది. దానిని చేతబట్టుకొని భవనం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. ప్లానులో లేని అంతస్తు పైన కనిపిస్తే అక్కడే ఆగిపోవడం మంచిది.

మా ఇంటిని చిక్కులో పెట్టిన తనఖా సంగతి చాలామందికి తెలియదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, బిల్డరు అనుమతి మేరకే కట్టేందుకు పూచీగా, నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు తనఖాగా అప్పగించాలి. అది సాధారణంగా కింది అంతస్తులలో ఉంటుంది. ఓసీ ఇచ్చిన తరువాతనే ఆ భాగం విడుదల అవుతుంది. ఇది కొనుగోలుదారుల రక్షణకై ఏర్పరచిన మంచి నియమమే. అయితే మీరు కొనే ఫ్లాటు ఆ 10 శాతంలో ఉన్నదా అన్నది బయానా ఇవ్వకముందే తెలుసుకోవాలి.

మూడవ పరిశీలన: రెరా నమోదు, సొమ్ము చెల్లింపు

2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టాన్ని రెరా అంటున్నాము. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, 8 ఫ్లాట్లకు మించి గాని కట్టే ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటించరాదు, బుకింగులు తీసుకోరాదు. ప్రకటనలో నమోదు సంఖ్య ఉండి తీరాలి. ఆ సంఖ్యతో రాష్ట్ర రెరా వెబ్‌సైటులో వెతికితే ప్లాను, పూర్తిచేయవలసిన తేదీ మొదలైనవి కనిపిస్తాయి. "ప్రీలాంచ్" పేరిట చౌక ధర చూపి నమోదుకు ముందే సొమ్ము వసూలు చేయడం ఈ చట్టానికి విరుద్ధం. విదేశాలలో ఉన్న పిల్లలు అక్కడినుండే సొమ్ము పంపి కొంటున్న కుటుంబాలు ఈ మాటను వారికి తప్పక చేరవేయాలి.

చెల్లింపుల విషయంలో మూడు సంగతులు గుర్తుంచుకోండి. రిజిస్టరు చేసిన క్రయ ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోరాదు. మేము తెల్లకాగితం మీద రసీదులు తీసుకొని మొత్తం చెల్లించాము. కొనుగోలుదారుల నుండి వచ్చే సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికి మాత్రమే వాడేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. కనుక నగదు రూపంలో ఇవ్వక, ఒప్పందంలో పేర్కొన్న ఖాతాకే జమ చేయండి. ఇంటి ధర 50 లక్షల రూపాయలు లేదా అంతకు మించితే, అందులో 1 శాతాన్ని ఆదాయపు పన్నుగా మినహాయించి అమ్మకందారు పేరిట ప్రభుత్వానికి జమచేసే బాధ్యత కొనేవారిదే.

జీఎస్టీ సంగతి కూడా చెప్పాలి. 2019 ఏప్రిల్ 1 నుండి, నిర్మాణంలో ఉన్న ఇంటికి 5 శాతం, 45 లక్షలకు మించని చిన్న ఇళ్లకు 1 శాతం పన్ను ఉన్నది. నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చిన తరువాత కొంటే జీఎస్టీ లేదు.

నాలుగవ పరిశీలన: విస్తీర్ణం

మేము 1,350 చదరపు అడుగులకు సొమ్ము చెల్లించాము. లోపల టేపు పట్టి కొలిస్తే 960 వచ్చినది. మిగిలినది మెట్లు, లిఫ్టు, నడవాలలో మా వాటా అని చెప్పారు. రెరా చట్టం దీనికి కార్పెట్ ఏరియా అన్న ఒకే కొలతను నిర్వచించినది. బయటి గోడలు, బాల్కనీ లెక్కలోకి రావు. లోపలి అడ్డుగోడలు వస్తాయి. రెండు ఇళ్ల ధరలను పోల్చేటప్పుడు ఈ కొలతతోనే పోల్చండి. భూమిలో మీకు వచ్చే అవిభాజ్య వాటా ఎన్ని చదరపు గజాలో కూడా దస్తావేజులో స్పష్టంగా ఉండాలి.

అయిదవ పరిశీలన: తాళంచెవి

ఓసీ అనగా భవనం అనుమతి మేరకు పూర్తయినదని, నివాసానికి యోగ్యమని స్థానిక సంస్థ ఇచ్చే ధ్రువపత్రం. అది లేనిదే నీరు, విద్యుత్తు, డ్రైనేజీలకు శాశ్వత కనెక్షన్లు ఇవ్వరాదని నిబంధన.

చట్టంలో నేను ఆలస్యంగా తెలుసుకొన్న ఒక అంశం ఉన్నది. ఓసీ వచ్చిన తరువాత రెండు నెలలలోగా ఇంటిని స్వాధీనం చేసుకోవాలని రెరా చట్టం కొనుగోలుదారునికి చెప్పినది. మూడు నెలలలోగా రిజిస్ట్రేషను చేయించాలని బిల్డరుకు చెప్పినది. అనగా వరుస స్పష్టంగా ఉన్నది: మొదట ఓసీ, ఆ పిదప తాళంచెవి. ఆ రెండు నెలల వ్యవధిలో శూన్యమాసం వచ్చినా, అది పోగా మంచి ముహూర్తం వెతుక్కొనేందుకు వీలు ఉంటుంది. శాస్త్రానికి, చట్టానికి విరోధం లేదు. విరోధం కల్పించినది మా తొందరపాటే.

స్వాధీన పత్రంపై సంతకం చేసేముందు ఇంటిని పగటివేళ, వీలైతే వాన కురిసిన మరునాడు చూడండి. స్నానాల గదులలో బిందెడు నీరు పోసి ఎటు పారుతున్నదో గమనించండి. నేలపలకలను వేలితో తట్టి బోలు శబ్దం వస్తున్నదేమో వినండి. కనబడిన లోపాలన్నీ కాగితంపై వ్రాసి, ఆ ప్రతిపై బిల్డరు సంతకం తీసుకొన్న తరువాతే మీ సంతకం చేయండి. స్వాధీనం చేసిన నాటినుండి 5 సంవత్సరాల వరకు కట్టడపు లోపాలు బయటపడితే, తెలియజేసిన 30 రోజులలో ఉచితంగా సరిచేయవలసిన బాధ్యత బిల్డరుది. చెప్పిన తేదీకి ఇల్లు అప్పగించకపోతే వడ్డీతో సొమ్ము వాపసు కోరవచ్చు. ఇల్లే కావాలంటే ఆలస్యమైన ప్రతి నెలకు వడ్డీ కోరవచ్చు.

మా భవనంలోని ఇరవై కుటుంబాలము సంఘంగా ఏర్పడి రెరాకు ఫిర్యాదు చేసిన పిదప బిల్డరు పెంట్‌హౌస్ తొలగించి ఓసీ తెచ్చాడు. మా రిజిస్ట్రేషను జరిగినది. ఆలస్యానికి వడ్డీ అడిగినప్పుడు మాత్రం, సంతృప్తికరంగా స్వాధీనం చేసుకొన్నానని నేను పెట్టిన సంతకాన్నే ఎదుట పెట్టాడు. రాజీపడి దానిని వదులుకొన్నాను.

రిజిస్ట్రేషను పూర్తయిన మరునాడు నా భార్య మళ్లీ తాళంచెవిని పళ్లెంలో పెట్టుకొని ఆలయానికి వచ్చినది. "అప్పుడే ఒకసారి పూజ చేయించాము కదా" అన్నాను. "అప్పుడు అది మన ఇంటి తాళంచెవి కాదు కదండీ" అన్నది.

కనుక కొత్త తాళంచెవితో ఆలయానికి వచ్చే సోదరసోదరీమణులకు నా విన్నపం ఒక్కటే. పంచాంగం చూపించే ముందు పత్రాలు చూపించండి. ఆ పిదప పెట్టుకొన్న ముహూర్తాన పొంగే పాలలో భయం ఉండదు. మీ గృహాలు సుఖశాంతులతో వర్ధిల్లాలని స్వామివారిని ప్రార్థిస్తున్నాను.

శుభం.