అన్నమ్మ కథ: ఒక క్రియాపదవిచారము

క్రైస్తవుల పురాతన కథావాఙ్మయములో సంతానము లేక కుందిన దంపతుల కథ యొకటి కలదు. అది బైబిలులో జేరినది కాదు. యేసుక్రీస్తు తల్లియైన మరియమ్మ జననమును వర్ణించు నొక చిన్న గ్రీకు గ్రంథములోనిది. గ్రంథకర్త తన పేరు యాకోబనియు, హేరోదురాజు మరణకాలమున యెరూషలేములో దీనిని రచించితిననియు చెప్పుకొనెను. కాని యిది క్రీస్తుశకము రెండవ శతాబ్దపు టుత్తరార్ధమున బుట్టినదని విమర్శకుల నిర్ణయము. మూడవ శతాబ్దమున ఓరిజెను దీనిని యాకోబు గ్రంథమని పేర్కొనెను. 1552లో గియోమ్ పొస్తెల్ అను ఫ్రెంచి పండితుడు దీని లాటిను భాషాంతరమును ప్రకటించి, సువార్తలకు మున్ను జరిగిన కథ యగుటచే ప్రొటెవాంగెలియోన్ అని పేరిడెను. పశ్చిమసంఘము దీనిని ప్రామాణికము కాదని త్రోసివైచినను, తూర్పుసంఘములలో దీని పఠనము మానలేదు. నూటికి మించిన గ్రీకు వ్రాతప్రతులు నేటికిని నిలిచియున్నవి.

ఈ వ్యాసమున మతసిద్ధాంతములను విచారింప నేను బూనలేదు. కథలో దేవదూత పలికిన యొక క్రియాపదమునకు రెండు పాఠములు కలవు. ఏ పాఠమును గ్రహింతుమో, ఎట్లు అన్వయింతుమో, దానినిబట్టి ఆ దంపతుల దాంపత్యమునకే యర్థము మారిపోవుచున్నది. ఆ చిక్కును విప్పుటలో మన శబ్దశాస్త్రము కొంత తోడ్పడునని నా తలంపు. ముందుగా కథను సంగ్రహముగా జెప్పెదను.

యోవాకీము మిక్కిలి ధనవంతుడు, దాత. దేవాలయమునకు ఇతరులకంటె రెట్టింపు కానుక లిచ్చువాడు. ఒక పర్వదినమున అతడు కానుకతో రాగా, ఒకడు ఎదుట నిలిచి, ఇశ్రాయేలులో సంతానమును గనని నీకు ముందుగా కానుక నర్పించు నధికారము లేదని యడ్డగించెను. యోవాకీము సిగ్గుపడి, పండ్రెండు గోత్రముల వారి చరిత్రములను వెదకి, నీతిమంతులందరును సంతానవంతులే యని తెలిసికొనెను. వృద్ధాప్యమున ఇస్సాకును బడసిన అబ్రాహాము మాత్రమే అతనికి ఊరటగా దోచెను. అంతట నతడు ఇంటికి బోక, భార్యకు గనబడక, ఎడారిలో గుడారము వేసికొని, నలువది దినములు ఉపవాసముండెను.

అతని భార్య పేరు హీబ్రూభాషలో హన్నా, గ్రీకులో అన్నా. మన తెలుగు క్రైస్తవులు అన్నమ్మ యందురు. ఆమె రెండు దుఃఖములను లెక్కించి విలపించెను: మొదటిది తన వైధవ్యము, రెండవది తన అనపత్యత. పండుగ సమీపించగా దాసి యొక శిరోభూషణమును దెచ్చి ధరింపు మనెను. అన్నమ్మ దానిని శంకించి త్రోసిపుచ్చెను. దాసి కోపించి, ప్రభువే నీ గర్భమును మూసివేసియుండగా నేను వేరుగ శపింపనేల యని యెత్తిపొడిచెను. అన్నమ్మ దుఃఖవస్త్రములను విడిచి, తలంటుకొని, పెండ్లినాటి బట్టలు గట్టి తోటలోనికి దిగెను. ఒక చెట్టు క్రింద గూర్చుండి పైకి జూడగా పిచ్చుకగూడు కనబడెను. అప్పుడామె, పక్షులును మృగములును నీరును నేలయు తమ తమ ఫలములను గనుచుండగా, తాను దేనితోను సాటిరానని వాపోయెను. దేవదూత వచ్చి, నీవు గర్భము ధరించి కనెదవని చెప్పెను. ఆడైనను మగైనను ఆ బిడ్డను దేవునికే యర్పింతునని యామె మొక్కుకొనెను. అటుపిమ్మట ఇద్దరు దూతలు వచ్చి, నీ పెనిమిటి మందలతో వచ్చుచున్నాడని తెలిపిరి. అతనికిని దూత ప్రత్యక్షమై కొండనుండి దిగిపొమ్మనియుండెను. అన్నమ్మ గుమ్మముకడ నిలిచి, అతనిని జూచి పరుగెత్తి మెడను గౌగిలించుకొనెను. విధవ యిక విధవ కాదని మొదట బలికి, పిమ్మట బిడ్డ మాట యెత్తెను. కాలక్రమమున ఆడుబిడ్డ కలిగెను. ఆ బిడ్డయే మరియమ్మ.

ఇందు మొదట గమనింపదగినది, అవమానము ఎవరిపై బడినదను విషయము. మన శాస్త్రములందును లోకమునందును ఈ లోపమునకు వాడు మాటలన్నియు స్త్రీవాచకములే. వంధ్య యనుచున్నాము, గొడ్రాలనుచున్నాము. ఈ కథలో మొదటి దెబ్బ పురుషునికి దగిలినది. మోషే ధర్మశాస్త్రమున సంతానహీనుడు కానుక నీయరాదను విధి కానరాదు. కావున నిది శాస్త్రము చేసిన శిక్ష కాదు, లోకము చేసినది. లోకము చేసిన గాయమును యోవాకీము భార్యతో బంచుకొనలేదు. అది యతని దోషము. కాళిదాసుని దిలీపునికిని ఇదే దుఃఖము కలదు. కాని దిలీపుడు సుదక్షిణతో గూడ నొక్క రథము నెక్కి వసిష్ఠాశ్రమమునకు బోయెను. నందినీసేవలో నామెకును భాగముండెను. యోవాకీము తపస్సు చేసినను ఒంటిగా జేసెను. అందుచేతనే అతడు బ్రతికియుండగనే యామె తన్ను విధవగా లెక్కించుకొనెను. దాంపత్యమునకు గలిగిన యసలు చీలిక బిడ్డ లేకపోవుటచేత గాక, ఆ మౌనముచేతనే కలిగినదని కవి సూచించుచున్నాడు.

రెండవది పదవిచారము. అన్నమ్మ తన లోపమునకు వాడిన గ్రీకుమాట అతెక్నియా. తెక్నోన్ అనగా బిడ్డ. ముందున్న అకారము మన నఞర్థకమునకు సోదరమే. కావున దానికి సరియైన మాట అనపత్యత. గ్రీకులో వంధ్యకు స్తైరా యను వేరొక మాట కలదు. వేదభాషలో ఈనని యావునకు జెప్పు స్తరీశబ్దమునకు అది జ్ఞాతి. అన్నమ్మ తన రెండు దుఃఖములను లెక్కించునపుడు ఆ మాటను వాడలేదు. తనకు లేనిదానిని జెప్పెను గాని తన్ను దూషించుకొనలేదు. మన గొడ్రాలు అను మాటయు పశువాసన గలదే. గొడ్డుశబ్దమునకు ఆలుశబ్దము పరమై, రుగాగమము వచ్చి గొడ్డురాలు, గొడ్రాలు అయినది. బాలింతరాలును అదే సూత్రముచే సిద్ధించును. ఒక్క గణమునందే బిడ్డను గన్న తల్లియు, కననిదియు ప్రక్కప్రక్కల నిలిచియున్నారు. వ్యాకరణమునకు వారిలో భేదము లేదు. భేదము లోకము పెట్టినది. అసంభవమునకు వంధ్యాపుత్రుని ఉదాహరించుట మనకు వాడుక. ఇన్నేండ్లు పాఠములు చెప్పుచు నేనును ఆ మాట నెన్నియో మారులు పలికితిని. వినువారి యిండ్లలో ఆ మాట ఎవరికి గ్రుచ్చుకొనునో ఈ గ్రంథమును చదువువరకు తలపోయలేదు. అన్నమ్మ విలాపమును తెనిగించువారు గొడ్రాలితనము అని వ్రాయక, సంతానములేమి యని వ్రాయుట మూలమునకు సన్నిహితము.

ఇక క్రియాపదము. దూత అన్నమ్మతో బలికినపుడు భవిష్యత్కాలమును వాడెను: గర్భము ధరించెదవు. యోవాకీముతో బలికినపుడు కొన్ని ప్రతులలో లేప్సెతై యను భవిష్యద్రూపము కలదు: నీ భార్య గర్భము ధరించును. 1853లో టిషెండార్ఫ్ ప్రకటించిన ప్రతిలో ఈ పాఠమే ముద్రితమైనది. కాని 1958లో వెలువడిన బోడ్మర్ పపైరసు మిక్కిలి ప్రాచీనమైనది. దానిలో ఐలేఫెన్ అని యున్నది: ధరించినది. 1961లో డి స్ట్రైకర్ ప్రకటించిన పరిష్కరణము దీనినే గ్రహించినది. పాఠపరిష్కరణశాస్త్రమున, సుగమమైన పాఠముకంటె దుర్గమమైనదే ప్రాచీనమని యొక న్యాయము కలదు. ధరించినది యను కఠినపాఠమును ధరించునని దిద్దుట లేఖకునకు సహజము. ధరించునని యున్నదానిని కష్టపెట్టి ధరించినదని మార్చుటకు హేతువు కానరాదు. కావున భూతకాలపాఠమే మూలమని నేనును అంగీకరించుచున్నాను.

అంగీకరించినచో చిక్కు కలుగుచున్నది. భర్త యెడారిలో నుండగనే భార్య గర్భము ధరించినచో, ఆ గర్భమున అతనికి భాగము లేదు. అప్పుడు గుమ్మముకడ ఆలింగనము ఉత్త సంబరమగును. యోవాకీము రాకయు, అతని నలువది దినముల యుపవాసమును కథకు పైపూత లగును. ఈ శంక ప్రాచీనులకును గలిగినది. నాల్గవ శతాబ్దమున ఎపిఫానియుసు తన గ్రంథమున ఈ వాక్యమును ప్రస్తావించి, మరియమ్మ స్త్రీపురుషసంయోగముననే జన్మించెననియు, దూత జరుగబోవుదానిని నిస్సంశయముగా జెప్పుట కట్లు పలికెననియు సమాధానము చెప్పెను.

ఈ సమాధానము మనవారికి క్రొత్త కాదు. పాణిని అష్టాధ్యాయి మూడవ యధ్యాయము మూడవ పాదమున 132వ సూత్రము, ఆశంస గమ్యమానమగుచో భవిష్యదర్థమున భూతకాలప్రత్యయములు వికల్పముగా వచ్చునని విధించుచున్నది. అచట వ్యాఖ్యాతలు చెప్పిన విశేష మొకటి కలదు. అతిదేశము సామాన్యభూతమునకే గాని విశేషభూతమునకు గాదు. కావున లఙ్ లిట్లు రావు. గ్రీకు పూర్ణభూతము ద్విర్వచనముచే మన లిట్టునకు రూపమున చుట్టమే యైనను, అర్థమున లిట్టు వంటిది కాదు. లిట్టు పరోక్షమును జెప్పును. గ్రీకురూపము పని ముగిసి ఫలము నిలిచియున్నదని చెప్పును. కావున ఈ వాక్యమును సంస్కృతీకరించువాడు లుఙ్నో నిష్ఠాప్రత్యయమునో వాడవలయును గాని, రూపసామ్యమును జూచి లిట్టును వాడరాదు.

దూత ఆశించువాడు కాడు, ఆజ్ఞాపించువాడు. అతని వాక్యమున ఆశంస ఎక్కడిదని యాక్షేపింపవచ్చును. ఆక్షేపము సమంజసమే. సూత్రము ముమ్మూర్తుల నిచట అన్వయించునని నేననను. భవిష్యత్తును భూతముగా బలుకుట భాషాస్వభావమునకు విరుద్ధము కాదనుటకు మాత్రమే దానిని సాక్ష్యముగా గైకొనుచున్నాను. లోకమున సాక్ష్యము లింకను గలవు. వాకిట నిలిచి పిలిచినవానికి, లోపల చెప్పులు వెదకుకొనుచున్నవాడు వచ్చితిని, వచ్చితిని యనును. సకాలమున వాన కురిసినచో పంట పండినట్లే యందుము. రోగి కన్ను తెరువకమున్నే వైద్యుడు, ఇక గండము గడచినదని యింటివారికి ధైర్యము చెప్పును. ఇవన్నియు నిశ్చయమును దెలుపు భూతములు గాని కాలమును దెలుపునవి కావు.

కథలోనే మరి రెండు గమకములు గలవు. మొదటిది: తరువాతి యధ్యాయములలో యోసేపు తిరిగివచ్చి మరియమ్మను గర్భిణిగా జూచినపుడు ముఖము కొట్టుకొని యేడ్చెను; యాజకు లిరువురకును శోధనజలమును ద్రాగించి పరీక్షించిరి. భర్త ప్రమేయము లేని గర్భమును కవి యెట్లు వర్ణించునో దీనివలన దెలియుచున్నది. అన్నమ్మ విషయమున అట్టి కలవరము లేశమును లేదు. తల్లికిని అట్టి యద్భుతమే జరిగియుండినచో, కూతురి కథకు గల విశిష్టతయే పోవును. రెండవది: విలాపమున వైధవ్యము ముందు, అనపత్యత తరువాత వచ్చినవి. గుమ్మముకడ పలికిన మాటలలోను అదే క్రమము. మొదటి దుఃఖము తీరిన పిమ్మటనే రెండవదాని ప్రస్తావము. భర్త తిరిగివచ్చుటయే మొదటి వరమని యామె క్రమముచేతనే చెప్పుచున్నది.

పిమ్మటి లాటిను కథలలో యోవాకీము ఎడబాటు అయిదు మాసములకు బెరిగెను. ఆ గుమ్మమునకు సువర్ణద్వారమని పేరు వచ్చెను. 14వ శతాబ్దారంభమున జోత్తో యను చిత్రకారుడు పాదువా నగరమందలి దేవాలయమున ఆ ద్వారముకడ వృద్ధదంపతుల సమాగమమును వ్రాసెను. ఆ చుంబనముననే గర్భము కలిగెనని కొందరు సామాన్యులు చెప్పుకొనిరి. 1854లో రోమునగరపు పోపు ప్రకటించిన నిష్కళంకగర్భసిద్ధాంతమును గూడ కొందరు దీనితో గలుపుదురు. అది పొరపాటు. మరియమ్మ గర్భస్థయైన క్షణమునుండియు జన్మపాపము లేనిదని యా సిద్ధాంతము చెప్పును గాని, ఆమెకు తండ్రి లేడని చెప్పదు.

కావున తెనిగించువారికి నా మనవి యిది. దూతవాక్యమున, నీ భార్య గర్భము ధరించినది యనియే వ్రాయుడు. ధరించునని దిద్దకుడు. దిద్దినచో చిక్కు తొలగును గాని, దానితోడనే ఆ మాట బలమును దొలగును. లోకము కానుకను త్రోసిపుచ్చి, ఎదుటబడలేక ఇల్లు విడిచిన భర్తను ఇంటికి మరల్చుటకు, కలుగును అను మాట చాలదు. అది యతడు ఎన్నియో యేండ్లు విన్న మాట. కలిగినది యను మాట వినియే యతడు కొండ దిగెను. ఇంటికి జేరకమున్నే నిజమని నమ్మిన దానిని నిజము చేయుట కతడు ఇంటికి బోవలసియుండెను. ఆ భూతకాలము భార్యకు భర్తను దెచ్చి యిచ్చినది. బిడ్డ పిమ్మట కలిగినది.