కంది చేనులో చెట్టుకు చోటు

పంట పండే చేనులోనే ఒక లెక్క ప్రకారం చెట్లను కూడా పెంచే పద్ధతిని ఆగ్రోఫారెస్ట్రీ అంటారు. పేరు కొత్తదే గానీ పని పాతది. గెట్టు మీద వేప, బావి దగ్గర చింత, చేను నడుమ తుమ్మ తెలంగాణలోని కొడంగల్, తాండూరు రైతులకు తాతల కాలం నుంచీ తెలిసినవే. ఈ సాగు కోసం జాతీయ విధానాన్ని ప్రకటించిన తొలి దేశం భారతదేశం. అది 2014లో వచ్చింది.

చలి దేశాల్లో చెట్టూ పంటా ముఖ్యంగా వెలుతురు కోసం పోటీ పడతాయి. వానను నమ్ముకున్న కొడంగల్ చేలల్లో అసలు పోటీ నీటి దగ్గర. ఇక్కడి ప్రధాన పంట కంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. జూన్, జూలైలలో విత్తిన కంది వానలు ఆగిపోయాక నేలలో మిగిలిన తేమతోనే పూసి కాయ కడుతుంది. ఆ తేమను లాగేసే చెట్టు ఎంత ధర పలికినా ఈ చేనుకు నష్టమే. అందుకే నీలగిరిని కందికి దూరంగా ఉంచాలి.

మొక్క కొనే ముందే ఎండాకాలంలో ఒక గుంత తవ్వి చూడాలి. ఈ ప్రాంతంలో నాపరాయి ఉన్న చోట మట్టి లోతు తక్కువ. కొన్ని అడుగుల్లోనే గడ్డపార బండకు తగిలితే అక్కడ పెద్ద వృక్షం నిలదొక్కుకోలేదు. లోతైన నల్లరేగడిలో తుమ్మ, వేప, కానుగ తట్టుకుంటాయి. నీరు ఇంకిపోయే ఎర్ర చెల్కలో సీతాఫలం, మామిడి, శ్రీగంధం పెట్టవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవారికి గెట్టే మంచి చోటు. పంట స్థలం పోదు, నాగలికి అడ్డం రాదు. గెట్ల వెంట దగ్గర దగ్గరగా గిరిపుష్పం నాటితే మట్టి కోత తగ్గుతుంది. గ్లైరిసిడియా అని పిలిచే ఈ చెట్టు ఆకులో నత్రజని ఎక్కువ. కొమ్మలను ఏటా కొట్టి, ఆకును సాళ్ల మధ్య పరిస్తే అది పచ్చిరొట్ట ఎరువవుతుంది, తేమనూ కాపాడుతుంది. పెద్ద చెట్ల వేర్లు చేనులోకి పాకకుండా గెట్టు పక్కన, పంట వైపు, సన్నని కందకం తీసి పక్క వేర్లను తెంచుతారు.

నీడ లెక్క కూడా ముఖ్యమే. కంది పూసి కాయ కట్టే చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, నీడ ఉత్తరానికి పడుతుంది. గుబురు చెట్లను ఉత్తరపు గెట్టున పెడితే సొంత పంటకు ఎండ తగ్గదు. కానీ ఆ నీడ పక్క చేను మీద పడుతుంది కనుక పక్క రైతుతో ముందే మాట్లాడుకోవాలి.

ఎండాకాలంలో తీసిన గుంతలను పైమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. రెండు మంచి వానలు పడి నేల బాగా నానాక మొక్క నాటాలి. చుట్టూ పాదు చేసి, ఎండుటాకు కప్పి, తొలి రెండు ఎండాకాలాలు నీళ్లు పోస్తే మొక్క నిలుస్తుంది. అసలు గండం కంది కోత తర్వాత, జీవాలను చేలల్లోకి వదిలినప్పుడు వస్తుంది. అప్పటికి ప్రతి మొక్క చుట్టూ ముళ్లకంప ఉండి తీరాలి. సీతాఫలం ఆకును మాత్రం మేకలు ముట్టవు. పేరున్న బాలానగర్ రకం పుట్టింది కూడా పాలమూరు జిల్లా నేలలోనే. కొడంగల్ 2016 వరకు ఆ జిల్లాలోనిదే.

శ్రీగంధానికీ కందికీ ప్రత్యేకమైన చుట్టరికం ఉంది. శ్రీగంధం ఒంటరిగా బతకలేదు. దాని వేర్లు పక్క మొక్క వేర్లను పట్టుకుని నీరు, పోషకాలు తీసుకుంటాయి. నర్సరీ సంచిలో పొన్నగంటి మొక్క, చేనులో తొలి ఏళ్లు కంది, ఆ తర్వాత కానుగ లేదా సరుగుడు దానికి ఆసరా అవుతాయి. అయితే చేవ పట్టడానికి ఏళ్లు పడుతుంది, దొంగల భయమూ ఉంటుంది. ఒక్క శ్రీగంధాన్నే నమ్ముకుంటే ఆ ఏళ్లలో ఇల్లు గడవదు.

చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. నాటేముందే అటవీ అధికారులను అడిగి తెలుసుకోవడం మేలు. మొదటి ఏడాది ఒక్క గెట్టు చాలు. రెండు మూడు పంటలు ఆ గెట్టు పక్క సాళ్ల దిగుబడిని, చేను నడుమ సాళ్ల దిగుబడితో పోల్చి చూస్తే రెండో గెట్టున ఏ చెట్టు పెట్టాలో ఆ చేనే చెబుతుంది.