దేని మీద శాతం?

బుజ్జీ, బడిలో శాతాలు మొదలయ్యాయన్నావుగా, టమాటాతో మొదలుపెడదాం రా. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు ఎగబాకింది. మామూలు రోజుల్లో కిలో 20 అనుకుందాం, లెక్క సులువుగా ఉంటుంది.

ఎంత శాతం పెరిగినట్టు? పదింతలైంది కాబట్టి వెయ్యి శాతం అని చాలామంది చటుక్కున అనేస్తారు. అరుగు మీద నిలబెట్టి పిల్లవాడి ఎత్తు కొలిస్తే అరుగు ఎత్తు తీసెయ్యాలి కదా! అలాగే మొదటి 20 ముందునుంచీ ఉన్నదే. కొత్తగా పెరిగింది 180. దాన్ని పాత ధర 20తో భాగించి వందతో గుణించు. 900 శాతం.

ఆ తర్వాత ధర కుప్పకూలింది. 200 నుంచి మళ్లీ 20కి వచ్చిందనుకో. తగ్గింది కూడా ఆ 180 రూపాయలే. కానీ ఈసారి పాత ధర 200, కనుక తగ్గుదల 90 శాతం. ఎక్కేటప్పుడు 900, దిగేటప్పుడు 90! అందుకే ఎవరు శాతం చెప్పినా "దేని మీద?" అని అడగాలమ్మా. పాత ధర తెలియకుండా చెప్పిన శాతాన్ని నేనైతే నమ్మను.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం ఏళ్ల తరబడి ఐదు రూపాయలే. ధర పెరగలేదని సంబరపడతాం. కానీ లోపలి సరుకు 100 గ్రాముల నుంచి 80 గ్రాములైతే? బరువు తగ్గింది 20 శాతం, కాబట్టి ధర కూడా 20 శాతం పెరిగినట్టే అంటావేమో. కాదు. ముందు గ్రాము 5 పైసలు. ఇప్పుడు ఐదు రూపాయల్ని 80తో భాగిస్తే గ్రాము ఆరుంపావు పైసలు. పెరిగిన పైసా పావుని పాత 5తో భాగించి చూడు: 25 శాతం! అంకె మారలేదు గనక కంటికి ఆనదు. రోజుకూలితో పిల్లలకు ఆ పొట్లం కొనే తల్లికి ఇది తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది. పొట్లం మీద గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ముద్రించాలన్న నిబంధన ఉంది. ఎమ్మార్పీ పక్కనే సన్నటి అక్షరాల్లో ఉంటుంది, వెతికి చదువు.

ఇక జీఎస్టీ సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె, షాంపూ, టూత్‌పేస్టుల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. "పద్దెనిమిదిలో అయిదు పోతే పదమూడు. మరి 13 శాతం ఎందుకు తగ్గించలేదు?" అని కొట్టువాడితో తగువుకు దిగినవాళ్లుంటారు. పాపం, అతని తప్పేమీ లేదు. పన్ను పడేది అసలు ధర మీద. మనం చూసే ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. అసలు ధర 100 అయితే ఇదివరకు 118 ఇచ్చేవాళ్లం, ఇప్పుడు 105 ఇస్తాం. తగ్గింది 13 రూపాయలు, అది 118 మీద. భాగిస్తే 11 శాతం, ఆపైన పిసరంత. పన్ను రేటు 13 పాయింట్లు తగ్గితే మన చేతికి మిగిలేది పదకొండే అన్నమాట.

కాబట్టి ఇదివరకు 100 రూపాయల ఎమ్మార్పీ ఉన్న సీసా ఇప్పుడు సుమారు 89కి రావాలి. 87కి ఇమ్మనడం న్యాయం కాదు, 95 తీసుకోవడమూ న్యాయం కాదు. పాత సీసా ఇంట్లో ఉంటే దాని ఎమ్మార్పీని 105తో గుణించి 118తో భాగించు. వచ్చిన అంకెనీ, కొత్త సీసా మీది ధరనీ పక్కపక్కన రాసుకో. రాసేటప్పుడు రెండు సీసాల మిల్లీలీటర్లు ఒకటేనో కాదో కూడా చూసుకో.